నిద్రించిన కంప్యూటరు మేల్కొననప్పుడు
(బరంపురమున మన సంఘ పఠనాలయములో గావించిన ఉపన్యాస పాఠము)



ఈ పఠనాలయములో ఉపన్యాసమనగా పురాణమో, కవిత్వమో, అల్పసంఖ్యాక భాషీయుల హక్కులో విషయముగా నుండుట మనకలవాటు. నేడు మేము ఒక పాత కంప్యూటరును గూర్చి మాటలాడుటకు నిలిచితిమి. నవ్వువారు నవ్వవచ్చును. కాని మన కుటుంబములలో పలువురు, కార్యాలయములవారు వాడి తీసివేసిన సెకండ్‌హ్యాండు డెస్క్‌టాపులను పిల్లల చదువుకొరకు కొనియున్నారు. వారు మమ్ము కలిసికొన్నపుడెల్ల అడుగు ప్రశ్న ఒక్కటే: “అది పడుకొన్నాక లేవడము లేదండీ. కొట్టువాడు కొత్తది కొనమంటున్నాడు. కొనమంటారా?” ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె అందరికిని ఒకేసారి చెప్పుట మేలని తోచినది. అదియుగాక, ఈ విషయమున మేము చేసిన తప్పు ఒకటి కలదు. దానిని గూడ సభయెదుట చెప్పుకొనవలసియున్నది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, మన గంజాము ప్రాంతము మద్రాసునుండి ఇటు చేరినదన్న సంగతి మీరందరు నెరిగినదే. నేడు మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు అక్షరము దొరకు తావులు రెండే: ఇల్లు, ఆదివారపు తరగతి. ఆ తరగతికి పాఠములు అచ్చువేసికొనుటకై మేమొక పాత డెస్క్‌టాపును కొంటిమి. పాఠములతోబాటు మన యిండ్లలో పెద్దలు పాడుకొను పెండ్లి పాటలను గూడ వ్రాసి యుంచవలెనని సంకల్పించితిమి.

మేమందరమును మామ్మగారని పిలుచు ఒక వృద్ధురాలు ఒక మధ్యాహ్నము వచ్చి, నలుగు పాట మొదలుకొని అప్పగింతల వరకు వరుసగా చెప్పినారు. కళాశాలలో చదువు ఒక అమ్మాయి టైపు చేసినది. పదునొకండు పాటలైనవి. దస్త్రమునకు పేరు పెట్టి భద్రపరచుట అంతయు ముగిసిన పిదప చేయుదమనుకొంటిమి. ఇంతలో టీ వచ్చినది, మాటలు సాగినవి. అరగంటకు తిరిగివచ్చి చూడగా తెర నల్లగా నున్నది. మౌసు కదపితిమి, మీటలన్నియు కొట్టితిమి, తెర వెలుగలేదు. మాలో నొకరు “ప్లగ్గు తీసి పెట్టిన అన్నియు సర్దుకొనును” అనిరి. తీసితిమి. కంప్యూటరు మరల చక్కగనే లేచినది. పాటలు మాత్రము లేవు.

మామ్మగారు కోపగింపలేదు. “మళ్ళీ మొదటినుంచి చెప్పమంటే ఆ వరస కుదరదు నాయనా, పెళ్ళి ఉంటే గాని నోటికి రావు,” అని మాత్రమన్నారు.

ఆనాడు ఆ యంత్రము నిజముగా నిద్రలో లేదు. మేల్కొనియే యున్నది; తెర యొక్కటే లేవలేదు. ఈ సంగతి మాకు రెండు వారముల పిదప, అదే తిరిగి జరిగినప్పుడు తెలిసినది. అది తెలిసికొను ఉపాయము పది సెకండ్ల పని. ఆ ఉపాయమునే ముందుగా చెప్పెదము.

కంప్యూటరు నిద్ర నివురుగప్పిన నిప్పువంటిది. పని చేయు భాగములన్నియు ఆరిపోవును. ర్యాం అను తాత్కాలిక జ్ఞాపకమునకు మాత్రము సన్నని విద్యుత్తు అందుచుండును. మీరు తెరచియుంచిన దస్త్రములన్నియు ఆ ర్యాంలో నుండును. ఎస్.ఎం.పి.ఎస్. అను పవర్ సప్లై పెట్టె, కంప్యూటరు నిద్రించుచున్నను, అయిదు వోల్టుల విద్యుత్తును విడువక ఇచ్చుచుండును. ప్లగ్గు తీసినచో, లేక కరెంటు పోయినచో, ఆ నిప్పు ఆరును. హైబర్నేట్ అనునది వేరు: అందు ర్యాంలోనిదంతయు డిస్కుపై వ్రాసి, పిమ్మట యంత్రము పూర్తిగా ఆరిపోవును. కరెంటు పోయినను దానికి భయము లేదు. డెస్క్‌టాపులలో ఈ రెంటిని కలిపిన హైబ్రిడ్ స్లీప్ అను మధ్యమార్గము గూడ నుండును. మన యూరి వేసవిలో కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. గనుక పవర్ ఆప్షన్సులో అది యుండిన దానిని ఆన్ చేసి యుంచుట మంచిది.

తెర నల్లగా నున్నపుడు మొదట ఏమియు పీకకుడు. కీబోర్డుపై క్యాప్స్ లాక్ మీటను నొక్కి, దాని చిన్న దీపమును చూడుడు. నొక్కినపుడెల్ల దీపము వెలిగి ఆరుచున్నచో కంప్యూటరు మేల్కొనియే యున్నది, మీ పని ర్యాంలో క్షేమముగా నున్నది, దోషము తెరదో దాని తీగదో చిత్రమును పంపు డ్రైవరుదో అయియుండును. అప్పుడు మానిటరును దాని బటనుతోనే ఒకమారు ఆర్పి వెలిగింపుడు. లాభము లేనిచో విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు మూడింటిని పట్టియుంచి ‘బి’ నొక్కుడు. విండోస్ 10, 11లలో ఇది డిస్‌ప్లే డ్రైవరును తిరిగి మొదలుపెట్టును. తెరచియున్న దస్త్రములకు హాని చేయదు. అప్పటికిని తెర రాకున్నచో, మీరు చివర పని చేయుచున్నది టైపు చేసిన దస్త్రమే యైనచో, చీకటిలోనే కంట్రోల్ పట్టి ‘ఎస్’ నొక్కుడు. పేరు పెట్టిన దస్త్రమైనచో అది చాలవరకు భద్రమగును. పేరు పెట్టని దస్త్రమునకు ఈ ఉపాయము పనికిరాదు. మా పదునొకండు పాటలకు పేరు లేదు.

మా విషయములో తెర లేవకపోవుటకు కారణము ఒక మార్పిడి ముక్క. సీపీయూ వెనుక నేరుగా వీజీఏ తీగ తగిలించు చోటుండగా, దానిని ఎవరును చూడక డిస్‌ప్లేపోర్టునకు కన్వర్టరు పెట్టి పాత మానిటరును కలిపినారు. నిద్రనుండి లేచినపుడు ఆ కన్వర్టరు కొన్నిమార్లు మానిటరును లేపెడిది కాదు. తీగను నేరుగా తగిలించిన పిదప మా బాధలో సగము తీరినది. ఒక్క పైసా కర్చు లేదు.

ఇక క్యాప్స్ లాక్ దీపము వెలుగనిచో రెండు తెరగులు కలవు. సీపీయూలో ఫ్యాను చప్పుడు లేక, పవర్ దీపము మినుకుమినుకుమనుచున్నచో యంత్రము ఇంకను నిద్రించుచున్నదని సామాన్యముగా అర్థము. మీరు తట్టుట దానికి వినబడుట లేదు. పవర్ బటనును ఒకమారు తేలికగా నొక్కి విడువుడు. పట్టియుంచరాదు, నాలుగైదు సెకండ్లు పట్టియుంచినచో అది బలవంతముగా ఆర్పుటయగును. తేలిక నొక్కుడుతో లేచినచో దోషము కీబోర్డు మౌసులది. వానిని హబ్బులనుండి, ముందువైపు రంధ్రములనుండి తీసి సీపీయూ వెనుకవైపు రంధ్రములలో పెట్టుడు. పిమ్మట డివైస్ మేనేజరు తెరచి, కీబోర్డు ప్రాపర్టీసులో పవర్ మేనేజ్‌మెంట్ పుటకు పోయి, ఈ పరికరము కంప్యూటరును లేపవచ్చునని అనుమతించు గడిలో టిక్కు పెట్టుడు. కొన్ని పాత కార్యాలయపు యంత్రములలో బయోస్ యందు యూఎస్‌బీ వేక్ అను మరియొక అనుమతియు నుండును. అదియు ఉండవలెను. మౌసుకు మాత్రము ఆ అనుమతి తీసివేయుట మేలని మా అభిప్రాయము; లేనిచో బల్లకు చీపురు తగిలినను రాత్రి యంత్రము లేచి కూర్చుండును.

రెండవ తెరగు కొంచెము కష్టము. ఫ్యాను తిరుగును, పవర్ దీపము నిలకడగా వెలుగును, క్యాప్స్ లాక్ దీపము చలింపదు, తెర రాదు. లేవబోయి మధ్యలో నిలిచిపోయినదన్న మాట. మాకు ఇదియు సంభవించినది. ఇచ్చట మేము మరియొక తెలివితక్కువ పని చేసితిమి: ఒక్క సాయంకాలమే బయోస్ మార్చి, డ్రైవరు మార్చి, ర్యాం తుడిచితిమి. రెండు దినములు బాగుగ నడచినది. దేనివలన నడచినదో తెలియదు. మూడవ దినమున మరల నిలిచినపుడు దేనిని పట్టుకొనవలెనో తెలియలేదు. అటుపిమ్మట ఒక నోటుపుస్తకము తెచ్చి, ఒక దినమున ఒక్కటే మార్చుట, మార్చినది వ్రాయుట, అయిదుమార్లు నిద్రపుచ్చి లేపిచూచుట అను క్రమమును పెట్టుకొంటిమి.

ఆ పుస్తకమును బట్టి చెప్పుచున్నాము. మొదట డ్రైవరు. అమ్మినవారు విండోసును కొత్తగా ఎక్కించి యిచ్చుదురు, కాని ఆ యంత్రమునకు తగిన చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లను వేయరు. సీపీయూ వెనుకనో ప్రక్కనో అంటించిన చీటీపై క్రమసంఖ్య యుండును. తయారుచేసిన సంస్థవారి వెబ్‌సైటులో ఆ సంఖ్యను చూపిన, ఆ యంత్రమునకు సరియైన డ్రైవర్లు ఉచితముగా దొరకును. వేసితిమి, నిలిచిపోవుట తగ్గినది గాని పోలేదు.

పిమ్మట ర్యాం. మా యంత్రములో రెండు ర్యాం పలకలున్నవి. ఒకటి మొదటినుండి యున్నది. రెండవది అమ్మునపుడు చేర్చినది. మెలకువలో చక్కగా పని చేయు ర్యాం, నిద్రనుండి లేచునపుడు తప్పుట కలదు. ఒక్కొక్క పలకనే పెట్టి, ఒక్కొక్కదానితో వారము దినములు చూచితిమి. మొదటి పలకతో ఒక్కసారియు తప్పలేదు. రెండవదానితో నాలుగుమార్లు నిలిచినది, ఒకమారు తనంతట తానే రీస్టార్టు అయినది. అమ్మినవారికి నోటుపుస్తకము చూపగా మారుమాట లేక మార్చియిచ్చినారు. పుస్తకము లేకున్నచో “కొత్తది కొనండి” అను మాటయే వినియుందుము.

మూడవది చిన్నది. కంప్యూటరు ప్లగ్గు తీసి పెట్టినపుడెల్ల తేదీ వెనుకకు పోవుచున్నచో మదర్‌బోర్డుపై నాణెమువంటి బ్యాటరీ అయిపోయినది. అది మూడు వోల్టుల సీఆర్ 2032. గడియారముల కొట్టులో దొరకును. అది అయిపోయినచో, ప్లగ్గు తీసినపుడెల్ల మీరు బయోసులో పెట్టిన అమరికలు చెరగిపోవచ్చును. నిన్న బాగుచేసినది నేడు మరల చెడినట్లుండును.

సీపీయూ మూత తీయువారు ముందుగా ప్లగ్గు తీసి, పవర్ బటనును కొన్ని సెకండ్లు నొక్కిపట్టి, మిగిలియున్న విద్యుత్తును పోనీయవలెను. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. పైవన్నియు చూచినను లేవనిచో ఆ పెట్టెనే అనుమానింపవలెను. ఇచ్చట మరమ్మతుకంటె మంచిదొకటి తెచ్చి మార్చిచూచుటయే మార్గము. అది తెలిసినవారిచేత చేయించుడు.

మరియొక సంగతి చాలమందికి తెలియదు. విండోస్ 8 మొదలుకొని ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు వచ్చినది. అది యున్నంతవరకు షట్‌డౌన్ అనునది పూర్తిగా ఆర్పుట కాదు. విండోసు తన లోపలి భాగమును డిస్కుపై వ్రాసికొని పడుకొనును, మరునాడు దానినే తిరిగి చదువుకొనును. అందుచేత పాత దోషము షట్‌డౌన్ చేసినను వెంటవచ్చును. పరీక్షించునపుడు రీస్టార్ట్ చేయుడు. అదియే నిజముగా మొదటినుండి మొదలగుట.

నిద్రయే వలదని కొందరందురు. అది తప్పు కాదు. కారణము దొరకువరకు స్లీప్ మాన్పించి, పది నిమిషములకు తెర మాత్రము ఆరునట్లు పెట్టుకొనవచ్చును. విద్యుత్తు కొంచెమెక్కువ కర్చగును. పిల్లవాని పాఠము మాత్రము పోదు. ఒకరిద్దరు మేము నిద్రను గూర్చి ఇంత శ్రమపడుటయే వృథా యనిరి. ఆదివారపు తరగతిలో పిల్లలు గంటకొకమారు బయటికి పోవుచుందురు. వారు పోయినపుడెల్ల ఆర్పి, వచ్చినపుడెల్ల వెలిగించుట మావల్ల కాలేదు.

కొత్తది కొనవలెనా యను ప్రశ్నకు మా సమాధానము: నిద్ర లేవకపోవుట ఒక్కటే కారణమైనచో వలదు. వేరొక కారణమున్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సామాన్య సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసర్లుగల యంత్రములపై, బహుకొద్ది మినహాయింపులతో, విండోస్ 11ను వారు అంగీకరింపరు. ఇక కొనబోవువారు ఆ తరమును చూచి కొనవలెను. కొనునపుడు కొట్టులోనే యంత్రమును రెండుమూడుమార్లు నిద్రపుచ్చి లేపి చూపుమని అడుగుడు. మొగమాటపడకుడు.

మన పఠనాలయపు యంత్రము ఇప్పుడు లేచుచున్నది. టైపు చేయువారు తెల్లకాగితము తెరచినవెంటనే, ఒక్క అక్షరము కొట్టకముందే, దస్త్రమునకు పేరు పెట్టవలెనని బల్లపై చీటీ అంటించితిమి. మామ్మగారు ఏడు పాటలు తిరిగి చెప్పినారు. నాలుగు ఇంకను జ్ఞాపకము రాలేదు. మాఘమాసములో వారి మనుమరాలి వివాహము. ఆ సమయమున ఇంటికే వచ్చి వ్రాసికొనుమని సెలవిచ్చినారు. మేము కాగితము, పెన్సిలుతో పోవుదుము, యంత్రము తరువాత.

మీ యింట కంప్యూటరు లేవనిచో వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు ఇచ్చటికి తీసికొనిరండు. సీపీయూ ఒక్కటి తెచ్చిన చాలదు; మీ కీబోర్డు, మౌసు, మానిటరు తీగ, మధ్యలో మార్పిడి ముక్క యున్నచో అదియు తేవలెను. ఎప్పుడెప్పుడు లేవలేదో, అప్పుడు ఏ దీపము వెలుగుచుండెనో ఒక కాగితముపై వ్రాసి తెచ్చినచో మాకు సగము పని తగ్గును.