కృష్ణ దాటి వెళ్ళేవారికి



మన పిడుగురాళ్ళ సున్నపు బట్టీల నుంచి, పల్నాటి చేల నుంచి పొందుగల వంతెన దాటి పోయేవారు ఎప్పుడూ ఉన్నారు. 2014లో ఆ ఒడ్డు వేరే రాష్ట్రమైంది. వెళ్ళేవారు మమ్ములను అడిగేది ఒక్కటే: మిర్యాలగూడ వైపు పల్లెలో దిగాలా, హైదరాబాదు శివార్లలోనా?

పల్లెలో అద్దె తక్కువ. పత్తి తీత, మిరప కోత మనకు చేతనైన పనులే. ఆలుమగలిద్దరికీ కూలి దొరుకుతుంది. మరి మిరప అయిపోయాక? బియ్యం మిల్లులో హమాలీ పని అందరికీ దొరకదు. శివార్లలో నెల జీతముంటుంది గాని అద్దె, నీళ్ళు, బస్సు ఛార్జీలు పోను మిగిలేది కొంచెమే. (ఖబరస్తాన్ ఎంత దూరమో కూడా అడగండి. కొత్త కాలనీలలో ఇది చిన్న మాట కాదు.)

అయినా బడి ఈడు పిల్లలుంటే మేము శివారుకే మొగ్గుతాము. ఇంటరు తర్వాత ఇంజనీరింగు, డాక్టరు సీట్లకు స్థానికత చూస్తారు. సాధారణంగా తొమ్మిది నుంచి ఇంటరు దాకా వరుసగా నాలుగేండ్లు ఆ రాష్ట్రంలోనే చదివి ఉండవలెను. కూలి అయిపోయిందని పదో తరగతిలో పిల్లవాణ్ణి వెనక్కి తెస్తే ఆ వరుస తెగుతుంది. రెండు రాష్ట్రాలలోనూ చిక్కే.

కనుక ముందు ఇంటి పెద్ద ఒక్కడే పోయి, పని కుదుర్చుకుని, బడి చూసి రావాలి. టి.సి., స్టడీ సర్టిఫికెట్లు ఇక్కడే తీసుకోండి. జూనులో బడులు తెరిచేనాటికి పిల్లలతో చేరండి.