తడ దాటే బండ్లు, జాంగో పట్టికలు

చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి మన తడ ఊరి మీదుగానే పోతుంది. ఆ దారిన పోయే బండ్ల వివరాలను జాంగోలో దాచాలనుకుందాం. జాంగో అంటే అమెరికాలోని లారెన్స్ పట్టణంలో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరి చేతికీ వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్.

ఏ బండికైనా నంబరు, తడ దాటిన సమయం ఉంటాయి. లారీకైతే సరుకు బరువు, బస్సుకైతే సీట్ల సంఖ్య అదనం. అందుకే ‘బండి’ అనే మోడల్ (పట్టిక రూపాన్ని చెప్పే క్లాసు) ఒకటి రాసి, లారీ, బస్సు మోడళ్లను దానికి వారసులుగా చేస్తాం.

బండిని అబ్‌స్ట్రాక్ట్ అని ప్రకటిస్తే డేటాబేస్‌లో దానికి పట్టిక ఉండదు. దాని గడులు లారీ పట్టికలోనూ, బస్సు పట్టికలోనూ చేరిపోతాయి. అలా ప్రకటించకపోతే బండికి సొంత పట్టిక వస్తుంది. ఈ రోజు తడ దాటిన బండ్లన్నీ అప్పుడు ఒకే క్వెరీతో దొరుకుతాయి. కానీ లారీ వివరాలు పూర్తిగా కావాలంటే ప్రతిసారీ రెండు పట్టికలు కలపాల్సిందే. లక్షల వరుసలు చేరాక ఆ భారం తెలిసొస్తుంది. ప్రాక్సీ అనే మూడో పద్ధతిలో పట్టిక పాతదే, ప్రవర్తన మాత్రం వేరు.

శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలూ, ముందు అబ్‌స్ట్రాక్ట్‌తో మొదలుపెట్టండి. బండ్లన్నిటినీ కలిపి వెతికే అవసరం నిజంగా ఉంటేనే సొంత పట్టిక ఇవ్వండి. డేటా నిండాక పట్టికల అమరిక మార్చడం చాలా కష్టం.