తెరపై తిరుగు ఉపగ్రహము



కళింగపట్నము తీరమున నీటిపై తేలు తెప్పను గూర్చి రెండు ప్రశ్నలు వేయవచ్చును. అది ఎచ్చట నున్నది? దాని మొగము ఎటున్నది? ఆకసమందలి ఉపగ్రహమునకును ఈ రెండు ప్రశ్నలే. దారి తప్పకున్నను మొగము తప్పినచో దాని కన్ను భూమిని చూడదు, దాని మాట మనకు వినబడదు.

1958 జనవరి 31న అమెరికావారు ఎక్స్‌ప్లోరర్ 1 అను ఉపగ్రహమును పంపిరి. అది సుమారు 2 మీటర్ల పొడవు, 14 కిలోల బరువు గల సన్నని గొట్టము. దానిని వ్రేళ్ల నడుమ పెన్సిలును దొర్లించినట్లు త్రిప్పి విడిచిరి. కొన్ని గంటలలోనే అది రోకలిని నడుమ పట్టి త్రిప్పినట్లు అడ్డముగా తిరుగసాగెను. కారణమేమి? దాని ఏరియలు తీగలు వంగి ఊగుచు కొంత శక్తిని వేడిగా వ్యయపరచినవి. శక్తి పద్దు తరిగినది. వెలుపలి తాకిడి లేనందున తిరుగుడు పద్దు తరుగలేదు. తక్కువ శక్తితో అంత తిరుగుడును నిలుపగలది అడ్డపు ఇరుసే.

18వ శతాబ్దిలోనే ఆయిలర్ అను గణితవేత్త ఇట్టి తిరుగుడునకు సమీకరణములు వ్రాసెను. అయినను సమీకరణమును చూచి తిరుగుడును ఊహింపగల విద్యార్థులు అరుదు. ఆ లోటును నేడు కంప్యూటరు తీర్చుచున్నది. తెరపై ఉపగ్రహపు బొమ్మ యుండును. విద్యార్థి దాని బరువును అటునిటు సర్దవచ్చును, ఇరుసు మార్చవచ్చును, తీగలు తగిలింపవచ్చును. యంత్రము క్షణక్షణము లెక్కకట్టి బొమ్మను త్రిప్పును. తప్పు చేసినను నష్టము లేదు, మరల మొదలిడవచ్చును.

అయితే బొమ్మను చూచి ముచ్చటపడుట చదువు కాదు. ఏమి జరుగునో ముందు కాగితముపై వ్రాసికొని, పిదప మీట నొక్కవలెను. ఊహ తప్పినచోటనే పాఠము మొదలగును. ఆపైన ఒక చిత్తు పుస్తకమును (గ్రంథాలయపు పుస్తకము మాత్రము వలదు!) దారముతో కట్టి ఎగురవేసి చూడవలెను. పళ్లెమువలె త్రిప్పినను, వెన్ను చుట్టు త్రిప్పినను అది నిలుకడగా తిరుగును. తలక్రిందులుగా పల్టీ కొట్టించినచో నడుమ ప్రక్కకు మెలితిరుగును. తెర చూపినదానికి చేయి సాక్ష్యము పలుకును.

1975 ఏప్రిల్ 19న నింగి కెగసిన మన ఆర్యభటయు తన చుట్టు తాను తిరుగుచు నిలుకడ పొందినదే. ఉపగ్రహములను పంపు శ్రీహరికోట మన రాష్ట్రముననే యున్నది. నాగావళీ వంశధారల నడుమ పుట్టిన బిడ్డకు అచ్చటికి దారి ఈ గ్రంథాలయపు గడపనుండియే ఏల మొదలు కారాదు? ఇరువదియైదేండ్లుగా ఊరికి పుస్తకములను అందించిన ఈ గ్రంథాలయము, రజతోత్సవ స్మృతిగా ఒక బల్లపై కంప్యూటరును, దాని ప్రక్కనే గణిత గ్రంథమును ఉంచవలెను. ఒకటి లేనిదే రెండవది సగము చదువే. పోషకులు ఆలోచింతురు గాక.

స్వస్తి.