పైత్యనాళంలోకి ఒక చెవి: కాథెటర్ మీద కాయిల్ ఎట్లా కడతారు?

ఇవ్వాళ మా ఇంటి ముచ్చటతో మొదలుపెడతా.

మా మేనమామది కోదాడ. లారీ మెకానిక్. రెండేళ్ల కింద ఒకరోజు కళ్ళు పచ్చబడ్డాయి. మా దిక్కు పసిరికలు అంటాం, మీరు కామెర్లు అనండి. అందరిలాగే ముందు పసరు మందుకు పోయాడు. మూడు వారాలు పథ్యం. తగ్గలేదు సరికదా, ఒళ్ళంతా దురద మొదలైంది. సూర్యాపేటలో అల్ట్రాసౌండ్ తీయిస్తే కాలేయంలో నాళాలు ఉబ్బి ఉన్నాయన్నారు, వెంటనే హైదరాబాద్ పొమ్మన్నారు. కోదాడ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో ఆ హైవే మీద తిరిగేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అక్కడ తేలింది ఏందంటే, కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వచ్చే గొట్టం ఒకచోట సన్నబడింది. సన్నబడటానికి రెండు కారణాలు ఉండొచ్చు. పాత రాయి, వాపు వల్ల పడ్డ మచ్చ కావచ్చు. లేదా క్యాన్సర్ కావచ్చు. మచ్చ అయితే లోపల స్టెంట్ పెట్టి కొన్ని నెలలకోసారి మారుస్తూ నయం చేయొచ్చు. క్యాన్సర్ అయితే, ఇంకా టైమ్ ఉంటే, చాలా పెద్ద ఆపరేషన్. కొన్ని కేసుల్లో కాలేయంలో కొంత భాగం కూడా తీసేయాలి. చిన్న బ్రష్ లోపలికి పంపి కణాలు గీకి తెచ్చి పరీక్ష చేశారు. రిపోర్టులో "కచ్చితంగా చెప్పలేం" అని వచ్చింది. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే.

ఇందులో డాక్టర్ల తప్పేం లేదు. ఆ బ్రష్ పరీక్షలో క్యాన్సర్ ఉన్నా దొరక్కపోవడం చాలా మామూలు. మామ నన్ను ఒకటే అడిగాడు. "ఇంజిన్ లోపల ఏమైందో నేను చెవి ఆనించి చెప్తరా అల్లుడూ. గంత పెద్ద మిషన్‌తోని వీళ్ళకు తెలుస్తలేదా?"

ఆ ప్రశ్నే ఇవ్వాళ్టి వీడియో. చెవి ఆనించడం. నిజంగానే లోపలికి ఒక చెవి పంపించాలని ఇంజినీర్లు 1980ల నుంచి ప్రయత్నం చేస్తున్నారు.

ముందు ఎమ్మారై గురించి రెండు ముక్కలు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళు, నీళ్ళలో హైడ్రోజన్. పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపితే ఆ హైడ్రోజన్ కేంద్రకాలు తిరిగి చిన్న రేడియో సిగ్నల్ ఇస్తాయి. 1.5 టెస్లా మిషన్ అయితే ఆ సిగ్నల్ దాదాపు 64 మెగాహెర్ట్జ్. మీ ఫోన్లో ఎఫ్ఎమ్ రేడియో ఉంటే అది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ పట్టుకుంటుంది. అంటే ఎమ్మారై అనేది ఎఫ్ఎమ్‌కి కొంచెం కింద ఉన్న స్టేషన్. ఆ స్టేషన్ వినే యాంటెనాకే కాయిల్ అని పేరు. తల స్కాన్‌కి పంజరంలాంటిది పెడతారు, మోకాలికి చుట్టూ పెడతారు, చూసే ఉంటారు.

ఇప్పుడు మిర్యాలగూడ పోదాం. రైస్ మిల్లు నడుస్తుంటే లోపల మనిషి మాట వినాలంటే ఏం చేస్తారు? గేటు దగ్గర నిలబడి ఎంత పెద్ద మైకు పెట్టినా మిల్లు రొదే వస్తుంది. పెద్ద మైకు అయితే ఇంకా ఎక్కువ రొద. చెవి అతని నోటి దగ్గర పెడితే గుసగుస కూడా వినపడుతుంది. ఎమ్మారైలో రొద ఎక్కువగా మిషన్ నుంచి రాదు, మన ఒంటి నుంచే వస్తుంది. ఒంట్లో ఉప్పునీళ్ళు ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి, వాటిలో అయాన్లు ఊరికే కదులుతుంటాయి. పొట్ట మొత్తాన్ని వినే పెద్ద కాయిల్‌కి పొట్ట మొత్తం రొదా వస్తుంది. రెండు మిల్లీమీటర్ల కాయిల్‌ని ఆ గొట్టంలోనే పెడితే, చుట్టుపక్కల చిన్న జాగానే వింటుంది. రొద తక్కువ, సిగ్నల్ ఎక్కువ.

దాని లాభం ఏందంటే చుక్క సైజు. బయటి నుంచి తీసే బొమ్మలో ఒక చుక్క సుమారు 1 మిల్లీమీటరు. పైత్యనాళం గోడ మందమే అటూఇటూగా అంత. గోడంతా ఒక్క చుక్కలో ఇరుక్కుంటే అది మచ్చో గడ్డో ఎట్లా చెప్తారు? మామ అడిగినదానికి జవాబు ఇది.

నష్టం కూడా ఉంది. దగ్గర చెవికి దూరం వినపడదు. ఇలాంటి సన్నటి కాయిల్‌లో ఎదురెదురు తీగల్లో కరెంటు వ్యతిరేక దిశల్లో పోతుంది కాబట్టి, దూరం రెట్టింపు అయితే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక సెంటీమీటరు దాటితే ఇక బయటి కాయిలే నయం. నాళం గోడ చూడటానికి మాత్రం అది చాలు.

మొన్న మన దిక్కు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇదే చెప్తే, ఈసీఈ మూడో సంవత్సరం అమ్మాయి లేచి "సింపుల్ కదా సార్, పెన్ను చుట్టూ రాగితీగ చుట్టినట్టు కాథెటర్ చుట్టూ చుడితే సరి" అంది. నేను కూడా మొదట అదే అనుకున్నా! పని చేయదు. ఎందుకో చూడండి. మిషన్‌లో పెద్ద అయస్కాంత క్షేత్రం తల నుంచి కాళ్ళ వైపు ఉంటుంది. కాయిల్ వినాల్సిన సిగ్నల్ దానికి అడ్డంగా తిరుగుతుంది. పెన్ను చుట్టూ చుట్టిన స్ప్రింగు వినేదేమో తన పొడవు దిశలో. కాథెటర్ శరీరం పొడవునా పడుకుంటే స్ప్రింగు చెవి ఎటు ఉండకూడదో అటే ఉంటుంది, సున్నా వింటుంది. అందుకే కాయిల్‌ని పొడుగ్గా, సన్నటి దీర్ఘచతురస్రంలా చేసి, గొట్టానికి నిలువుగా అతికిస్తారు. కొన్ని సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. మంచం నవారు ఒక చుట్టు వేసినట్టు ఊహించుకోండి.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు ఉన్నారు. 1984లోనే అమెరికాలో కాంటర్, బ్రిగ్స్, బాలబాన్ అనే ముగ్గురు కాథెటర్ కాయిల్‌తో కుక్క గుండె నుంచి సిగ్నల్ విన్నారు. 1990లలో జాన్స్ హాప్కిన్స్‌లో ఎర్గిన్ అటలార్ బృందం రక్తనాళాల కోసం కాయిల్స్ చేసింది. 1997లో లూపే లేని, ఒట్టి యాంటెనాలాంటి కాథెటర్ కూడా చేశారు. పైత్యనాళం మీద ఎక్కువ పని చేసింది లండన్ ఇంపీరియల్ కాలేజీలో రిచర్డ్ సిమ్స్, ఇయాన్ యంగ్ బృందం. వాళ్ళ పని నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో ఉన్న సరుకు మనకు తెలిసిందే.

మీ ఫోన్ రిపేర్ షాపులో విప్పినప్పుడు లోపల నారింజ రంగు పల్చటి స్ట్రిప్ కనపడుతుంది చూడండి, డిస్‌ప్లే నుంచి బోర్డుకు పోయేది. అది పాలిమైడ్ అనే ప్లాస్టిక్ మీద రాగి పూత. సిమ్స్ వాళ్ళు కాయిల్‌ని కూడా అట్లాంటి స్ట్రిప్ మీదనే ముద్రించారు. కాయిల్ ఒక స్టేషన్‌కి ట్యూన్ కావాలంటే కెపాసిటర్ కావాలి. 100 నానోహెన్రీల కాయిల్‌కి 64 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 62 పికోఫారడ్లు కావాలి. లెక్క మీరే వేసుకోండి, ఇంటర్ ఫార్ములానే. ఆ కెపాసిటర్‌ని విడిగా టంకం పెడితే బుడిపెలా ఉంటుంది. కాథెటర్ పేగులోంచి నాళంలోకి తిరిగే దగ్గర మెలిక పడుతుంది, టంకం ఊడిందంటే లోపల ఒక ముక్క మిగిలిపోతుంది. వాళ్ళు చేసిందేంటంటే, స్ట్రిప్‌కి ఒకవైపు రాగి పలక, రెండోవైపు రాగి పలక. మధ్యలో ఉన్న ప్లాస్టిక్కే కెపాసిటర్ పని చేస్తుంది. పార్టులే లేవు, ఊడేదేం లేదు.

ఇంతదాకా వింటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అసలు కష్టం కాయిల్‌లో లేదు. తీగలో ఉంది.

కొసన ఉన్న కాయిల్ విన్నదాన్ని బయటికి తేవాలి కదా. నోటి నుంచి పైత్యనాళం దాకా పోయే కాథెటర్ దాదాపు 2 మీటర్లు. ఎమ్మారై మిషన్ సిగ్నల్ వినేముందు తనే చాలా పవర్‌తో రేడియో తరంగం పంపుతుంది. ఆ తరంగానికి మీ తీగ ఒక యాంటెనా. శరీరంలో 64 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో ఉన్నంత ఉండదు, అర మీటరు దగ్గరికి కుంచించుకుపోతుంది. అందులో సగం, అంటే పాతిక సెంటీమీటర్ల తీగ దొరికితే చాలు, తరంగం దాని మీద నిలబడి ఊగుతుంది. ఆ శక్తంతా తీగ కొసన పేరుకుంటుంది. 2000లో డచ్ పరిశోధకులు మామూలు గైడ్‌వైర్‌ని ఉప్పునీళ్ళలో పెట్టి స్కాన్ చేస్తే, కొసన ఉష్ణోగ్రత 26 డిగ్రీల నుంచి 74 డిగ్రీల దాకా ఎక్కింది. 74 డిగ్రీలు! గుడ్డు ఉడికిపోతుంది. అక్కడ ఉండేది ఒక మనిషి పైత్యనాళం.

అందుకే నన్నడిగితే, కాథెటర్ కాయిల్ డిజైన్‌లో కాయిల్ పావు వంతు, తీగ ముప్పావు వంతు. కొందరు తీగ మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి ముక్కలు చేశారు. సిమ్స్ బృందం 2013లో చూపించిన పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరికి పోయే తీగే పెట్టలేదు.

స్లాబ్ వేసేటప్పుడు చూశారా? కింద నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్ట ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటారు. ఒక్కడూ కింది నుంచి పైదాకా నడవడు, తట్ట మాత్రం పైకి చేరుతుంది. అట్లనే స్ట్రిప్ మీద చిన్న చిన్న లూపులు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి కాయిలూ కెపాసిటరూ కలిసిన సొంత సర్క్యూట్. పక్కదానితో రాగి కలవదు, అయస్కాంత క్షేత్రంతోనే సిగ్నల్ అందిస్తుంది. ఫోన్ వైర్‌లెస్ చార్జర్ మీద పెడితే మధ్యలో తీగ లేకుండానే కరెంటు ఎక్కుతుంది కదా, అదే సూత్రం. ఏ లూపూ ఆ పాతిక సెంటీమీటర్లంత పొడవు ఉండదు కాబట్టి తరంగం నిలబడి ఊగడానికి జాగా దొరకదు. ఇంకోటి, ఆ లూపులను 8 అంకెలా మెలిపెట్టారు. మిషన్ పంపే తరంగం రెండు సున్నాల మీదా ఒకేలా పడుతుంది. ఒక సున్నాలో పుట్టిన కరెంటు రెండోదానిలో పుట్టినదాన్ని కొట్టేస్తుంది. పక్క లూపు నుంచి వచ్చే సిగ్నల్ మాత్రం ఒక సున్నాకే దగ్గరగా ఉంటుంది కాబట్టి పోతుంది. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు నేను రెండు రోజులు కాగితం మీద ఎనిమిదులు గీసుకుంటూ కూర్చున్నా.

మరి మామకు ఇది ఎందుకు దొరకలేదు? ఎందుకంటే ఇది ఇంకా ల్యాబులోనే ఉంది. పైత్యనాళానికి ఇట్లాంటి కాయిల్ ఆస్పత్రుల్లో మామూలు వాడకంలోకి రాలేదు. ప్రొస్టేట్ కోసం మలద్వారంలో పెట్టే బెలూన్ కాయిల్ మాత్రం 1980ల చివర నుంచీ ఉంది, అది పెద్దది, దారి పొట్టిది. ఇక్కడ ఇబ్బంది ఫిజిక్స్ ఒక్కటే కాదు. కాథెటర్‌ని నాళంలోకి పంపే ఎండోస్కోపులో ఉక్కు ఉంటుంది, దాన్ని ఎమ్మారై గదిలోకే తీసుకుపోకూడదు. అంటే ఒక గదిలో కాథెటర్ పెట్టి, స్కోపు తీసేసి, మత్తులో ఉన్న పేషెంట్‌ని ఇంకో గదికి మోసుకుపోవాలి. ఈలోపు నాళం లోపలికే పోయే సన్నటి కెమెరాలు, ఎండోస్కోపు కొసన అల్ట్రాసౌండ్ వచ్చేశాయి. డాక్టర్లు సులువైన దారి పట్టారు, అందులో వింతేం లేదు. కానీ కెమెరా గోడ పైపూత చూపిస్తుంది, గోడ లోపల ఏముందో చూపించదు. ఆ ఖాళీ అట్లనే ఉంది.

ఈ ఖాళీకి మనకంటే దగ్గరగా ఎవరున్నారు చెప్పండి. నోటిలోంచి స్కోపు పంపి పైత్యనాళంలో పనిచేసే ఈఆర్‌సీపీ విద్యలో ప్రపంచమంతా పేరున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు హైదరాబాద్‌లోనే ఉన్నారు. 2025లో పద్మవిభూషణ్ వచ్చింది ఆయనకే. 1990లలో మిసైళ్ళు చేసే అబ్దుల్ కలాం గారు, గుండె డాక్టర్ సోమరాజు గారు ఒక దగ్గర కూర్చుంటే కలాం-రాజు స్టెంట్ వచ్చింది, అదీ హైదరాబాద్‌లోనే. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి గవర్నమెంట్ మెడికల్ కాలేజీలున్నాయి. ఈసీఈ చదివే పిల్లలు ఈ మూడు ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వీళ్ళిద్దరూ ఒక చాయ్ దగ్గర కలవడమే తక్కువ.

మామ సంగతి చెప్పలేదు కదూ. నాలుగు నెలల తర్వాత అది మచ్చే అని తేలింది. బాగానే ఉన్నాడు, షెడ్డుకు పోతున్నాడు. కానీ ఆపరేషన్ అవుతుందేమోనని బైపాస్ పక్కన ఉన్న ప్లాటు రెండో నెలలోనే అమ్మేశాడు. దాని రేటు ఇప్పుడు ఎంత అని ఇంట్లో ఎవరం అడగం.

చివరగా, చేసి చూడాలనుకునేవాళ్ళకు. నానోవీఎన్ఏ అని చిన్న పరికరం ఆన్‌లైన్‌లో కొన్ని వేలకు దొరుకుతుంది, కాలేజీ ల్యాబులో పెద్దది ఉంటే అదైనా సరే. ఇన్సులేషన్ ఉన్న సన్నటి రాగితీగతో జ్యూస్ స్ట్రా మీద నిలువుగా రెండు చుట్ల పొడుగాటి లూపు కట్టండి, లెక్క ప్రకారం కెపాసిటర్ పెట్టి 64 దగ్గరికి ట్యూన్ చేయండి. తీగ కొసలన్నీ జిగురుతో మూసేయండి. స్క్రీన్ మీద లోయలాంటి గీత వస్తుంది. తర్వాత లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి, స్ట్రాని అందులో ముంచండి. లోయ పక్కకు జరుగుతుంది, వెడల్పవుతుంది, లోతు మారుతుంది. మీ కాయిల్ ఇప్పుడు ఉప్పునీళ్ళ రొద వింటోంది. ఎంత జరిగిందో రాసిపెట్టుకోండి, వచ్చే ఎపిసోడ్‌లో ఆ అంకెలతోనే పని.