పోలినవి, పోలనివి

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 141వ ఆయతులో అల్లాహ్ జైతూన్, దానిమ్మలను ప్రస్తావిస్తూ, అవి పోలినవీ పోలనివీ అని తెలిపాడు. ఈ మాట మా బందరు పెరట్లో నాకు బోధపడింది.

అక్కడ భగవా, గణేష్ దానిమ్మలు పక్కపక్కనే పెరుగుతున్నాయి. మన వైపు, దివిసీమ వరకూ, జిగట నేల. దానిమ్మ కొంత ఉప్పును ఓర్చుకుంటుంది గాని, వేళ్ల దగ్గర నిలిచిన నీటిని ఓర్వదు. అందుకే మట్టి ఎత్తుచేసి నాటాను. భగవా గింజ కెంపులా ఉంటుంది, తొక్క మందం. గణేష్ గింజ లేత గులాబీ, మెత్తన. రంగు చాలదని గణేష్‌ను నరికించబోయాను. ఇంతలో, పళ్లు ఊడిన పొరుగింటి పెద్దామె, "నాయనా, ఇదొక్కటే నమలగలిగాను" అన్నారు. ఆ పోలికలో నేను తినేవారిని లెక్కలోకే తీసుకోలేదు!

మరొక తప్పూ చెప్పుకోవాలి. ఎండిన నేలకు ఒక్కసారిగా నీరు అందితే కాయలు పగులుతాయి. అలా పగిలినవాటినే నేను ఆ ఇంటికి పంపేవాణ్ణి. కోతనాడే దాని హక్కు చెల్లించమని అదే ఆయతు ఆదేశిస్తోంది. నాసిరకాన్ని ఏరి దానమివ్వవద్దని బఖరా సూరా 267వ ఆయతు వారిస్తోంది. ఈసారి తొలికోతలో, రెండు చెట్ల నుండీ పగులు లేని కాయలు ముందుగా ఆ గడపకే చేరాయి.