తొలి కీబోర్డు ఎంపిక
ఎలక్ట్రానిక్ కీబోర్డును కొనదలచిన ప్రారంభకులు ముందుగా పరిశీలించవలసినవి అందులో నిక్షిప్తమైన వందలాది వాద్యధ్వనులు కావు, మెట్ల సంఖ్య, వాటి స్పందన. పియానోకు సాధారణంగా 88 మెట్లు ఉండగా, 61 మెట్ల కీబోర్డు ఐదు ఆక్టేవుల, అనగా ఐదు స్థాయిల, విస్తృతిని కలిగి ఉంటుంది కనుక రెండు చేతుల తొలి సాధనకు అది సరిపోతుంది.

మెట్టును నొక్కే వేగాన్ని బట్టి ధ్వని హెచ్చుతగ్గులయ్యే గుణాన్ని టచ్ సెన్సిటివిటీ అంటారు. అది లేని వాద్యంపై ఎలా నొక్కినా నాదం ఒకే తీవ్రతతో వెలువడుతుంది కాబట్టి, వేళ్లకు అదుపు అలవడదు. ఏకకాలంలో మోగగల స్వరాల గరిష్ఠ సంఖ్యను పాలీఫొనీ అంటారు. తొలి పాఠాలకు 32 చాలును.

కర్ణాటక సంగీతాన్ని అభ్యసించేవారికి మరి రెండు సదుపాయాలు ముఖ్యమైనవి: వేళ్ల అమరికను మార్చకుండానే శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్, స్వరాన్ని అవిచ్ఛిన్నంగా పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ చక్రం. మెట్లు స్థిరమైన స్వరస్థానాలను మాత్రమే పలికిస్తాయి గనుక, గమకాల ఛాయను తేవడానికి ఈ చక్రమే ఆధారమవుతుంది.

ఎలక్ట్రానిక్ వాద్యాల మధ్య స్వరాల సమాచారాన్ని చేరవేసేందుకు 1983లో వెలువడిన మిడి ప్రమాణాన్ని అనుసరించే వాద్యాన్ని కంప్యూటరుతో అనుసంధానించి, వాయించిన స్వరాలను నమోదు చేసుకొని, తప్పులను సరిదిద్దుకోవచ్చును.