కడుపులో పుండు – పెన్షనర్లు తెలుసుకోవలసిన సంగతులు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, పెన్షను లెక్కల గురించి మాట్లాడటానికి మన సంఘంలో ఉద్దండులున్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఆరోగ్య విషయం ఏదైనా చెప్పమని పురమాయించారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. అయితే నాలుగేళ్ళ క్రితం మా బావగారికి ఈ జబ్బు ప్రాణం మీదికి వచ్చినప్పటి నుండి దీని గురించి దొరికినదల్లా చదివాను, అర్థం కానిది డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. ఆ తెలుసుకున్నదే మీకు మనవి చేస్తాను.

ఆ రోజుల్లో ఏమనుకునేవారం?

మనం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో అల్సరంటే ఆఫీసు జబ్బు. మా సెక్షన్ సూపరింటెండెంటుగారి సొరుగులో స్టాంపు ప్యాడు పక్కనే జెలుసిల్ సీసా ఉండేది. అసెంబ్లీ ప్రశ్న వచ్చినా, ఆడిట్ పార్టీ దిగినా ఆయన చెయ్యి ముందుగా ఆ సీసా మీదికి పోయేది. టెన్షన్ వల్ల, వేళకు తిండి లేకపోవడం వల్ల, కారం వల్ల వస్తుందని అందరూ అనేవారు. డాక్టర్లూ అదే చెప్పేవారు. పాలు, పెరుగన్నం, చప్పిడి కూర – ఇదీ పథ్యం. తగ్గినట్టే తగ్గి ఆరు నెలలకు మళ్ళీ వచ్చేది. చివరకు చాలామందికి పొట్ట కోసి ఆపరేషన్ చేయవలసి వచ్చేది.

పుండు ఎలా పడుతుంది?

మన జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. అది మాంసాన్ని సైతం అరిగించగలదు. మరి జీర్ణాశయమే అరిగిపోదేం? లోపలి గోడకు జిగురు పొర ఒకటి రక్షణగా ఉంటుంది. ఆ పొర దెబ్బతిన్నచోట ఆమ్లం గోడను తిని పుండు చేస్తుంది. జీర్ణాశయంలో గాని, దానిని ఆనుకొని ఉన్న చిన్నప్రేవు మొదటి భాగమైన ఆంత్రమూలంలో గాని ఈ పుండు పడుతుంది. ఆ పొరను దెబ్బతీసే ప్రధాన కారణాలు రెండు.

మొదటిది – సూక్ష్మజీవి

దీని పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు దీనిని పట్టుకున్నారు. ప్రయోగశాలలో పెంచాలని చూస్తే ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదు. రెండు రోజులు చూసి పారవేసేవారు. 1982లో ఈస్టరు సెలవులు రావడంతో ఆ పళ్ళేలు అయిదారు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే సూక్ష్మజీవులు పెరిగి ఉన్నాయి! పెండింగులో పడిన ఫైలు వల్ల లోకానికి మేలు జరిగిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

ఆమ్లంలో ఏ జీవీ బతకదని పెద్ద పెద్ద వైద్యులు కొట్టిపారేశారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి. గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సూక్ష్మజీవి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుండి, శుభ్రత లేని నీటి వల్ల సోకుతుంది. మన దేశంలో చాలామంది పెద్దవాళ్ళ కడుపులో ఇది ఉంటుంది. అందరికీ పుండు పడదు. పుండు పడినవారు మాత్రం దీనికి పరీక్ష చేయించుకోవాలి.

రెండవది – నొప్పి బిళ్ళలు

మన వయసువారు చెవిన పెట్టవలసింది ఇదే. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి లేని పెన్షనరు ఈ హాలులో ఎందరున్నారు? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ – ఈ మందులన్నీ ఒక జాతివి. నొప్పిని కలిగించే పదార్థాలను అణచివేసేటప్పుడు జిగురు పొరను కాపాడే పదార్థాలను కూడా ఇవి అణచివేస్తాయి. అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ కాదని కొందరంటారు. కడుపులో మంట కొంత తగ్గవచ్చునేమో గాని, మందు రక్తంలో కలిసి కూడా ఈ పని చేస్తుంది కనుక ప్రమాదం పోదు. గుండె కోసం వాడే చిన్న ఆస్పిరిన్ బిళ్ళకూ ఈ గుణం ఉంది. రెండూ కలిస్తే ప్రమాదం మరింత ఎక్కువ.

మా బావగారి సంగతి ఇదే. ఆయనకప్పుడు డెబ్బై రెండేళ్ళు. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నారు. ఎప్పుడో రాసిన పాత చీటీ మందుల షాపులో చూపించి మోకాళ్ళకు రోజూ ఒక బిళ్ళ చొప్పున నాలుగు నెలలు వేసుకున్నారు. కడుపునొప్పి ఒక్కరోజు కూడా రాలేదు. నీరసంగా ఉందంటే వయసు మీద పడిందనుకున్నారు. మూడు రోజులు విరేచనం నల్లగా అయింది, ఎవరికీ చెప్పలేదు. నాలుగోనాడు తెల్లవారుజామున బాత్‌రూములో పడిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికి హిమోగ్లోబిన్ ఆరుకు లోపల ఉంది. మూడు సీసాల రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ ద్వారా పుండులో రక్తం కారేచోట క్లిప్పు వేశారు. దేవుడి దయవల్ల దక్కారు. మా అక్కయ్య “ఒక్క మాట చెప్పలేకపోయారా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, “నొప్పి ఉంటే చెప్పేవాణ్ణి కదే” అన్నారు.

ఆ మాట గుర్తుంచుకోండి. వయసు పైబడినవారిలో పుండు చాలాసార్లు నొప్పి లేకుండానే రక్తం కారుస్తుంది.

గుర్తులు

పై కడుపులో మంట, నొప్పి, ఆకలి లేకపోవడం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండటం – ఇవి మామూలు లక్షణాలు. వీటితో రెండు వారాలు గడిస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉన్నా, వాంతిలో రక్తం గాని కాఫీ ఫిల్టరులో మిగిలిన పిప్పి వంటిది గాని పడినా, ఉన్నట్టుండి కడుపులో భరించరాని నొప్పి వచ్చినా గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వాడేవారికీ విరేచనం నల్లబడుతుంది. అయినా అనుమానం ఉంటే చూపించుకోవడమే మంచిది. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, రక్తహీనత కూడా తీసిపారేయదగినవి కావు.

ఇంకొక మాట. పై కడుపులో బరువుతో చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసు అనుకొని సోడా తాగుతూ కూర్చోవద్దు. అది గుండెపోటు కావచ్చు.

పరీక్ష, చికిత్స

ఎండోస్కోపీ అంటే భయం వద్దు. సన్నని గొట్టం నోటి ద్వారా పంపి కొద్ది నిమిషాల్లో చూస్తారు. జీర్ణాశయంలో పుండు ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. క్యాన్సరు కాదని రూఢి చేసుకోవడానికే అది. సూక్ష్మజీవిని శ్వాస పరీక్ష, మల పరీక్షల ద్వారా కూడా కనుక్కోవచ్చు.

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి బిళ్ళలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి. వీటిని టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. సాధారణంగా నాలుగు నుండి ఎనిమిది వారాల్లో పుండు మానుతుంది. సూక్ష్మజీవి ఉంటే వీటితోపాటు రెండు మూడు యాంటీబయాటిక్కులు సాధారణంగా పద్నాలుగు రోజులు ఇస్తారు. నోరు చేదుగా ఉందనో, బాగైందనో మధ్యలో మానితే సూక్ష్మజీవి మొండికెత్తుతుంది. కోర్సు అయిన నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకొని, అది పోయిందని తెలిశాకే ఆ ఫైలు మూసేయాలి.

అలాగని ఈ బిళ్ళలను ఏళ్ళ తరబడి సొంతంగా వాడకూడదు. బి12 లోపం, ఎముకల బలహీనత వంటివి రావచ్చు. ఎంతకాలం వాడాలో డాక్టరు చెప్పాలి.

పథ్యం

కారం ప్రియులకు ఒక శుభవార్త. 1984లో ఢిల్లీ వైద్యులు కొందరు ఆంత్రమూలంలో పుండు ఉన్నవారికి మందుతోపాటు రోజుకు 3 గ్రాముల ఎండుమిరప కారం పెట్టి చూశారు. నాలుగు వారాల తర్వాత చూస్తే, కారం తిననివారికీ తిన్నవారికీ పుండు మానడంలో తేడా కనిపించలేదు. తింటే మంట పుట్టేవారు తగ్గించుకోవాలి. మిగిలినవారు ఆవకాయ మీద నేరం మోపనక్కరలేదు. పాలు తాగితే అప్పటికి హాయిగా ఉంటుంది గాని తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. వంటసోడాలో సోడియం ఎక్కువ, బి.పి. ఉన్నవారికి మంచిది కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు పుండును మాననివ్వవు. మద్యం సంగతి చెప్పనవసరం లేదు.

చివరిగా నాలుగు మనవులు

ఒకటి: డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళలు కొనవద్దు. కడుపుకు హాని చేయని మందు ఏదో అడిగి తెలుసుకోండి. రెండు: గుండెకు వాడే ఆస్పిరిన్‌ను భయపడి మీరే మానేయవద్దు. దానికి తోడుగా కడుపును కాపాడే బిళ్ళ అవసరమా అని డాక్టరును అడగండి. మూడు: ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి. నాలుగు: విరేచనం రంగు మారితే సిగ్గుపడకుండా ఇంట్లో చెప్పండి. ముఖ్యంగా మన ఆడవారు ఇటువంటివి దాచుకుంటారు. కొడుకులూ, కోడళ్ళూ, కూతుళ్ళూ కూడా పెద్దవాళ్ళను అప్పుడప్పుడు అడుగుతుండండి.

ప్రతి నవంబరులోను లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఇంకా చాలా నవంబరులు మనందరం ఆ పని చేస్తూనే ఉండాలని కోరుకుంటున్నాను.